బందెలదొడ్డి వారి ఇంటిపేరు

"ఆగండి, ఆగండి. మళ్ళీ చదవండి," అంది హెస్టర్. అప్పటికి అలా అనడం మూడోసారి.

మిస్ ఆంబ్లర్ తోలు చుట్ట మీంచి భూతద్దం ఎత్తలేదు. "ముందు కాస్త వెనక్కి జరిగి కూర్చో. నీ ఊపిరి వేడికే ఆరువందల ఏళ్ళ సిరా ఆవిరైపోయేలా ఉంది."

చర్చి వెనక గదిలో ఓక్ పెట్టె మూత తెరిచి ఉంది. హేవర్‌బీ ఊరి కోర్టు పాత రికార్డుల చుట్టలన్నీ అందులోనే ఉంటాయి. ఊళ్ళో లాటిన్ చదవగలిగిన మనిషి మిస్ ఆంబ్లర్ ఒక్కతే. ముప్ఫై ఎనిమిదేళ్ళు బడిలో పాఠాలు చెప్పి మానుకున్న ఆవిడ. హెస్టర్‌కి అక్షరాలు నేర్పింది కూడా ఆవిడే. ఆ హెస్టర్ పిండర్‌కి ఇప్పుడు నలభై రెండేళ్ళు. అదే బడి వంటగదిలో రోజూ అరవైమంది పిల్లలకి వండి వడ్డిస్తుంది. ఆ పూట బంగాళాదుంపల గిన్నెలు తోముతూ తోముతూ ఉండగా కబురు వస్తే, చేతులు కూడా తుడుచుకోకుండా పరిగెత్తుకొచ్చింది.

రావడానికి కారణం ఉంది. తెల్లవారితే గురువారం, ఏడాదికోసారి కూడే ఊరి కోర్టు. హెస్టర్ తండ్రి ఏమస్ నలభై నాలుగేళ్ళుగా ఊరి బందెలదొడ్డికి కాపలాదారు. ఎవరి పశువు తప్పించుకుని ఇంకొకరి పైరులో పడినా, దాన్ని తోలుకొచ్చి దొడ్లో పెట్టి, సొంతదారు జరిమానా కట్టేదాకా మేతా నీళ్ళూ చూసేవాడు. నిరుడు చలికాలంలో తుంటి విరిగింది. రేపు కోర్టులో కాపలాదారు కర్ర అప్పగించేస్తానని కబురు చేశాడు. ఆ కర్ర అందుకుంటానన్న మగవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. ఎవరూ ప్రమాణం చెయ్యకపోతే ఆ పదవి ఎత్తిపోతుంది, దొడ్డి స్థలం ఎస్టేటుకి పోతుంది. ఎస్టేటు మేనేజరు క్రౌల్ ఆ గుండ్రటి రాతిగోడ కూలగొట్టి, బీట్‌రూట్ లారీలు తిరగడానికి చోటు చేస్తానని అప్పుడే సున్నంతో గుర్తులు కూడా గీయించాడు.

ఆ కర్ర తను అందుకోవాలని హెస్టర్ కోరిక. తుంటి విరిగిన దగ్గర్నుంచీ ఏడాదిగా ఆ పని నిజానికి చేస్తున్నది తనే. అయితే ఆడదాని మాట జ్యూరీ ముందు చెల్లుతుందా? తమ ఇంటిపేరులో ఏదైనా ఘనత బయటపడితే మాటకి కాస్త బరువొస్తుందని ఆశపడింది. పొయ్యి పైన గోడకి, నెవార్క్ సంతలో కొన్న రేకు డాలు వేలాడుతూ ఉంటుంది వాళ్ళింట్లో. దాని మీద పిండర్ అన్న పేరూ, పైన ఎర్ర సింహమూ. ఆ సింహం తాలూకు వీరుడెవడో ఈ పెట్టెలో దొరుకుతాడనుకుంది.

"వీరుడు లేడు," అంది మిస్ ఆంబ్లర్. "హ్యూ అని ఒకడున్నాడు. వాడికి ఇంటిపేరే లేదు. దొడ్డి కాసే హ్యూ అని రాశారు, అంతే. ఆ రోజుల్లో పశువుల్ని దొడ్లో మూసేవాణ్ణి పిండర్ అనేవాళ్ళు. నువ్వు వంట చేస్తావు గనక వంటమనిషి హెస్టర్ అన్నట్టు."

"తరవాత?"

"తరవాత మహమ్మారి వచ్చింది. మరుసటి ఏడు చుట్ట చూడు, ఎంత పొట్టిదో. రాయడానికి మనుషులే మిగల్లేదు. ఇదిగో ఇక్కడ. హ్యూ చనిపోయాడు. అతని భార్య ఆలిస్ పొలాల్లో విచ్చలవిడిగా తిరుగుతున్న పశువుల్ని, సొంతదారులు పోయినవాటిని, నలభై ఒక్కింటిని తోలుకొచ్చి దొడ్లో పెట్టింది. అందుచేత జ్యూరీ పన్నెండుమందీ ఆలిస్ చేత ప్రమాణం చేయించారు."

హెస్టర్ లేచి నిలబడిపోయింది. "ఆడమనిషి చేత!"

"కూర్చో. అసలు సంగతి ఇంకా ఉంది. పద్దెనిమిదేళ్ళ తరవాత ఈ జాన్ ఎవడో చూడు. ఆలిస్ కొడుకు. వీడు గొర్రెలు కాసుకునేవాడు, దొడ్డి మొహం చూసినవాడు కాడు. అయినా కోర్టు వాణ్ణి జాన్ పిండర్ అనే రాసింది. పని తల్లిది, పేరు కొడుక్కి అంటుకుంది. అప్పట్నుంచీ వదల్లేదు." మిస్ ఆంబ్లర్ అప్పటికి భూతద్దం దించింది. ఆవిడ చెంపలు కూడా ఎర్రబడ్డాయి. "నీ ఇంటిపేరు మగవాడి దగ్గర్నుంచి రాలేదు, హెస్టర్. ఆలిస్ పద్దెనిమిదేళ్ళు పశువుల వెంట పరిగెత్తి సంపాదించిన పేరది."

హెస్టర్ ఆవిణ్ణి కుర్చీతో సహా వాటేసుకుంది. భూతద్దం కింద పడబోతే ఇద్దరూ ఒక్కసారే పట్టుకున్నారు.

ఇంటికెళ్ళి చెబితే ఏమస్ కుర్చీలో పక్కకి తిరిగాడు. గోడ మీది సింహం కేసి చూశాడు. "ప్రతి క్రిస్మస్‌కీ దానికి పాలిష్ పెట్టింది నేనేగా?"

"నువ్వే, నాన్నా."

"నెవార్క్ సంతలో దాన్ని అమ్మినవాడు మా ముత్తాత గుర్రం రంగు కూడా చెప్పాడు." తరవాత నవ్వు మొదలైంది. తుంటి నొప్పి పుట్టి, బల్ల పట్టుకుని ఆపుకోవాల్సినంత నవ్వు. "నలభై ఒక్క పశువులా! నేను ఏ ఏడాదిలోనూ పదకొండు దాటలేదు. అమ్మాయ్, రేపు ఆ ముసలావిడ పేరు చెప్పి అడుగు. తడబడకుండా అడుగు."

మర్నాడు పదకొండు గంటలకి నాగలి గుర్తు పబ్బులో పొడుగు బల్ల చుట్టూ పన్నెండుమంది జ్యూరీ కూర్చున్నారు. పొద్దున్నే రెండు బండ్లలో పొలాలన్నీ తిరిగి, ఎవరు గట్టు జరిపారో, ఎవరు పక్కవాడి చాలు దున్నారో చూసుకుని వచ్చారు గనక అందరి బూట్లకీ బురద. పబ్బు నడిపే ఐవీ గుమ్మం దగ్గరే చీపురు పట్టుకుని నిలబడి, "రాజుగారైనా సరే కాళ్ళు తుడుచుకునే రావాలి," అంటోంది. మాంసం కూరి కాల్చి, ఒంటిగంటకి ఆవిడ పెట్టే 'పై' రొట్టె ఊరందరికీ తెలుసు. కోర్టు ఎంత పెద్దదైనా ఆ మాంసం పై పొయ్యిలోంచి దిగేవరకే.

బల్ల చివర ఎస్టేటు మేనేజరు క్రౌల్ పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. కోర్టు నడిపేది అతనే, అయితే ఎవరిచేత ప్రమాణం చేయించాలో తేల్చేది జ్యూరీ. ఆ జ్యూరీకి పెద్ద జొసాయా కట్స్. మనిషి ఎద్దులా ఉంటాడు, మెడ ఎర్రగా ఉంటుంది, అబద్ధం ఆడడనీ, ఓడిపోడనీ రెండు పేర్లున్నాయి.

గట్ల తగాదాలూ, మురుగు కాలవల జరిమానాలూ అయ్యాయి. ఏమస్ రెండు చేతులతో కర్ర ఎత్తి బల్ల మీద పెట్టాడు.

"కాపలాకి ఎవరున్నారు?" అన్నాడు జొసాయా.

అందరూ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

"ఎవరూ లేరన్నమాట," అన్నాడు క్రౌల్, కలం సిరాలో ముంచుతూ. "అయితే పదవి ఎత్తిపోయిందని రాసేస్తాను. ఇంక ఆ స్థలం..."

"నేనున్నాను," అంది హెస్టర్ గోడ దగ్గర్నుంచి.

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో బల్లంతా నవ్వింది.

"హెస్టరూ, ఇది పుడ్డింగు కలపడం కాదు."

"గరిట చూపిస్తే ఎద్దులు వరసలో నిలబడతాయిలే!"

"నువ్వు నవ్వకు, టెడ్," అంది హెస్టర్, బల్ల దగ్గర కూర్చున్న ఒకడి కేసి తిరిగి. "పోయిన వేసవిలో నీ కోడెదూడని బడి తోటలోంచి తోలుకొచ్చింది ఎవరు? మా నాన్నా? ఆయన మంచంలో ఉన్నాడు."

టెడ్ నవ్వు ఆపేశాడు. క్రౌల్ గొంతు సవరించుకున్నాడు. "ఊరి ఆచారంలో ఆడవాళ్ళు ప్రమాణం చేసినట్టు ఎక్కడా లేదు."

"ఉంది," అంది మిస్ ఆంబ్లర్. ఎప్పుడు వచ్చిందో, కిటికీ దగ్గర నిలబడి ఉంది. చుట్ట విప్పి లాటిన్‌లో ఒకసారి, మామూలు మాటల్లో ఒకసారి చదివింది. హ్యూ చావూ, నలభై ఒక్క పశువులూ, ఆలిస్ ప్రమాణమూ, ఆ పేరు కొడుక్కి రావడమూ అన్నీ చదివింది. ఎవరో, "ఆడమనిషి పేరు వీళ్ళకొచ్చిందా?" అని మెల్లిగా అన్నారు.

జొసాయా గడ్డం గోక్కున్నాడు. "అది మగవాళ్ళంతా చచ్చి, దిక్కు లేనప్పటి మాటండీ, మిస్ ఆంబ్లర్."

"జొసాయా, ఇప్పుడు దిక్కేదీ? నీ బల్ల చుట్టూ పన్నెండుమంది బతికున్న మగవాళ్ళు కూర్చున్నారు. ఒక్కడు చెయ్యెత్తలేదు. బళ్ళో కూడా నేను ప్రశ్న అడిగితే ఇలాగే బల్ల కిందకి చూసేవాళ్ళు."

ఈసారి నవ్వు అటు తిరిగింది. జొసాయా కూడా నవ్వాడు, అయినా తల ఊపలేదు. "చదువు మాట ఒప్పుకున్నాం. ఆలిస్ పశువుల్ని తోలుకొచ్చాక కదా ప్రమాణం చేయించారు? ఒకటి కాదు, నలభై ఒకటి. హెస్టర్ ఒక్కటి తెస్తే చాలు. కోర్టు లేచేలోగా, అంటే ఐవీ తన పైని బల్ల మీద పెట్టేలోగా, తప్పించుకుని తిరిగే పశువొకటి దొడ్లో ఉండాలి. ఉంటే బైబిలు మీద చెయ్యి వేయిస్తా. లేకపోతే క్రౌల్ గారు రాసుకుంటారు. ఏమంటారు?"

అందరూ సరేనంటూ బల్ల మీద గుద్దారు. క్రౌల్ చిన్నగా నవ్వాడు. ఎందుకు నవ్వాడో హెస్టర్‌కి తెలుసు. కోర్టు రోజున హేవర్‌బీలో ఏ పశువూ తప్పించుకోదు. పదిమందిలో తలవంపులని ముందు రోజు సాయంత్రమే ప్రతివాడూ కంచెలు బిగించుకుంటాడు, తాళ్ళు రెండేసి ముళ్ళు వేసుకుంటాడు.

అయినా ఆమె శాలువా నడుముకి బిగించి బయటపడింది.

వాగు పక్క సందు చూసింది. ఆవులన్నీ బుద్ధిమంతుల్లా నెమరు వేస్తున్నాయి. దక్షిణం పొలం చూసింది. గుర్రం కట్టు కొయ్యకి కట్టేసి ఉంది. చర్చి వెనక గొర్రెలు కూడా కంచె లోపల ఒకదాన్నొకటి ఆనుకుని, ఆదివారం ప్రార్థనకొచ్చినట్టు నిలబడ్డాయి. గడియారం పన్నెండు కొట్టింది. ఏ ఏడూ లేనిది, బాతులు కూడా కొలనులోనే ఉన్నాయి.

పబ్బు వెనక గుమ్మంలోంచి ఐవీ చెయ్యి ఊపింది. పిండి అంటిన చేత్తో హెస్టర్ని దగ్గరికి లాక్కుంది. "ఏమైనా దొరికిందా?"

"కోడి కూడా లేదు."

"నా మేక ఉందిగా. తాడు విప్పేస్తా. అది సూటిగా జొసాయా క్యాబేజీల్లోకే పోతుంది, దానికి అలవాటే. నువ్వు పట్టుకో. ఎవరు చూడొచ్చారు?"

హెస్టర్ ఆ మేక కేసి చూసింది. కుదురైన మేక, కొమ్ము పట్టుకుంటే వెంట వచ్చేస్తుంది. అయిదు నిమిషాల పని. దొడ్డి గోడ నిలబడుతుంది. క్రౌల్ మొహం చూడొచ్చు. ఆశపడలేదంటే అబద్ధమే. చెయ్యి దానంతటదే తాడు దాకా వెళ్ళింది.

"వద్దు, ఐవీ."

"ఎందుకొద్దూ?"

"తప్పించుకున్నదాన్ని పట్టాలి గానీ, తప్పించి పట్టకూడదు. మొదటిరోజే దొంగపని చేస్తే రేపు ఎవరి పశువుని ఏ మొహంతో పడతాను?"

"మీ నాన్న పోలికే! ఒంటిగంటకి పైని తీసేస్తాను మరి. నీ కోసం మాడబెట్టను."

"మాడబెట్టకు. పైని పాడు చెయ్యడం కూడా నేరమే," అని హెస్టర్ పడమటి పొలం దారి పట్టింది. అదొక్కటే మిగిలింది.

ఆ పొలానికి ఇటువైపు కోత కోసిన నేల. పందుల్ని అక్కడ తిప్పుకుంటారు. అటువైపు మొలకెత్తిన గోధుమ. మధ్యలో పెద్ద గేటు. మలుపు తిరిగేసరికి హెస్టర్ కాళ్ళు ఆగిపోయాయి.

గేటు బార్లా తెరిచి ఉంది.

బురదలో బండి చక్రాల జాడలు గేటు దాటి వచ్చాయి. ఒకటే బండి. రెండో బండి జాడ గేటుకి నూరు గజాల అవతలే విడిపోయి, వాగు అడ్డంగా దాటి, ఊళ్ళోకి దగ్గరి దారి పట్టింది. అంతా ఒక్క చూపులో అర్థమైంది. చివర వెళ్ళినవాడు గేటు వెయ్యాలని హేవర్‌బీలో నడక రాకముందే నేర్పుతారు. మొదటి బండివాళ్ళు వెనక రెండో బండి వస్తోంది కదా అనుకున్నారు. రెండో బండికి ఆకలేసింది. మిగతా ఊరంతా రెండేసి ముళ్ళు వేసుకుంటే, గేటు వెయ్యడం మరిచింది జ్యూరీ!

పచ్చటి గోధుమ మధ్యలో, నల్లటి ఒంటి మీద భుజాల చుట్టూ తెల్లటి పట్టాతో, నలుగురు మనుషుల బరువున్న ఆడపంది మొహం మట్టిలో దూర్చి ఆనందంగా దున్నుకుంటూ పోతోంది. జిల్లా ప్రదర్శనలో రెండేళ్ళు వరసగా మొదటి బహుమతి. పేరు పియొనీ. సొంతదారు జొసాయా కట్స్.

"అమ్మా పియొనీ," అంది హెస్టర్. "నా తల్లీ!"

పియొనీ తలెత్తి చూసి, గుర్తుపట్టి, పరుగు లంకించుకుంది.

అంత బరువున్న జంతువు అంత జోరుగా పరిగెడుతుందని చూడనివాళ్ళు నమ్మరు. హెస్టర్ గట్టు మీద అడ్డంగా పోయింది. పంది కుడికి తిరిగింది. కుడికి పోతే ఎడమకి. ఒకసారి చేతులు చాపి నిలబడితే కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయింది. నాలుగడుగులు హెస్టర్ దాని మీద వెనక్కి తిరిగి కూర్చుని ప్రయాణం చేసి, బురదలో వెల్లకిలా పడింది. ఎడమ బూటు ఎక్కడ పోయిందో తెలియదు. టోపీ సంగతి అంతకన్నా తెలియదు. ఎంత కసిరినా, ఎంత బతిమాలినా, పంది గేటు వైపు తప్ప అన్ని వైపులకీ పోతుంది.

గడియారం పన్నెండున్నర కొట్టింది.

ఆమె లేచి, మొహం మీద బురద తుడుచుకుని, పరుగు మానేసింది. పందికి ఎదురుగా ఏముందో దాన్నుంచి వెనక్కి పోవడం పుట్టుగుణం. ముక్కు ముందు చీకటి పెడితే వెనక్కే నడుస్తుంది, ఎంత దూరమైనా. ఆ మాట తండ్రి వందసార్లు చెప్పాడు గానీ ఎప్పుడూ చెయ్యలేదు. గేటు పక్క నీళ్ళ తొట్టి దగ్గర తుప్పు పట్టిన బకెట్ బోర్లించి ఉంది. కోటు జేబులో పొద్దున బడి వంటగదిలో వేసుకున్న ఆపిల్ ముక్క ఉంది. ఆపిల్ బకెట్ అడుగున వేసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఊరికే ఎదురుచూసింది.

పియొనీ వాసన పట్టింది. రెండడుగులు వేసింది. ఆగింది. మరో రెండు. మూతి బకెట్లో పెట్టింది. హెస్టర్ చటుక్కున బకెట్ చెవులదాకా ఎక్కించేసింది.

పంది గావుకేక పెట్టి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. హెస్టర్ ఒక చేత్తో బకెట్ అదిమి పట్టుకుని, రెండో చెయ్యి చాచి తోక అందుకుంది. తోక ఎడమకి లాగితే పంది వెనకభాగం ఎడమకి తిరుగుతోంది. కుడికి లాగితే కుడికి. చుక్కాని పట్టిన పడవలా ఉంది!

"పద, పద, పద, పద!" అని అరుస్తూ, ఏడుపో నవ్వో తనకే తెలియకుండా, గేటు దాటించింది. దాటాక ఒంటికాలి బూటుతో నిలబడి, వెనక్కి చెయ్యి చాచి, గేటు వేసి గొళ్ళెం పెట్టింది. పంది పారిపోయినా పోనీ, గేటు తెరిచి వదలడం ఆమెవల్ల కాదు.

సందులోంచి వీధిలోకి వచ్చేసరికి ఊరు గుమ్మాల్లోకి వచ్చింది. బడి కిటికీలన్నీ టకటకా తెరుచుకున్నాయి. వంటగదిలో తనతో పనిచేసే ఇద్దరూ గరిటలు పట్టుకుని గోడెక్కారు. "హెస్టర్! కుడికి! కుడికి లాగు!" "స్తంభం, స్తంభం!" "తోక వదలకే!" పంది వెనక్కి నడుస్తోంది, హెస్టర్ పక్కకి నడుస్తోంది, పోస్టాఫీసు కుక్క రెండింటి చుట్టూ తిరుగుతోంది.

పబ్బు కిటికీలో మొహాలు గుంపు కట్టాయి. అందరికంటే పెద్దగా నవ్వింది జొసాయా కట్స్. కిటికీ తలుపు తోసి మరీ, "ఏ తెలివితక్కువ వెధవదిరా ఆ పంది?" అన్నాడు. తరవాత ఆ తెల్ల పట్టా చూశాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

దొడ్డి దగ్గర ఏమస్ వంటింటి కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. కోర్టు లేచేదాకా ప్రమాణం ఆయనదే గనక గేటు ఆయనే తీశాడు. పియొనీ వెనక్కి వెనక్కి లోపలికి పోయింది. బకెట్ ఊడింది. గేటు ధడాలుమంది. అదే క్షణంలో ఐవీ రెండు చేతుల్తో పొగలు కక్కుతున్న పై పట్టుకుని పబ్బు గుమ్మంలో నిలబడింది.

"బల్ల మీద పెట్టలేదు!" అని అరిచింది. "అందరూ చూడండి, నా చేతుల్లోనే ఉంది!"

ఊరు ఊరంతా కేకలు వేసింది. ఆ కేకలు సద్దుమణిగేదాకా క్రౌల్ ఓపిగ్గా ఆగాడు.

"బాగానే ఉంది," అన్నాడు. "కోర్టు రోజున, పశువు కావలసిన గంటలోనే, ఈ పంది ఉండే పడమటి పొలం గేటు తెరుచుకుంది. ఎవరు తెరిచారో అడగొద్దూ? ఆ దారిన వెళ్ళింది ఈవిడ ఒక్కతే."

మాట చల్లగా పడింది. కేకలు వేసినవాళ్ళే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హెస్టర్‌కి మేక తాడు దాకా పోయిన చెయ్యి గుర్తొచ్చింది. విప్పి ఉంటే ఇప్పుడేం చెప్పేది? ఆ తలపు తోటే వెన్ను నిలబడింది.

"నేను తెరవలేదు," అంది. "పొద్దున అక్కడ జ్యూరీ బండ్లు తిరిగాయి. మొదటి బండిలో వెనక కూర్చుంది ఎవరు?"

"వెనక రెండో బండి వస్తోందిగా," అన్నాడు టెడ్ వెంటనే.

"మేము వాగు దాటి వచ్చేశాం," అంది రెండో బండి. "చలిగా ఉంటే..."

"పై వాసనకి, అను," అంది ఐవీ.

మొదటి బండివాళ్ళు ఒక్కొక్కరుగా జొసాయా వైపు తిరిగారు. వెనక పలక మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవడం ఆయనకి ఏటేటా అలవాటు. అది ఊరందరికీ తెలుసు. అయినా ఆయన ఊరుకుంటే ఊరు కూడా ఊరుకుంటుంది. ఒక్క మాట మింగితే చాలు, పరువు నిలుస్తుంది, హెస్టర్ మాట పోతుంది.

జొసాయా గోడ పైనుంచి తన పందిని చూశాడు. తరవాత ఒంటి బూటుతో, తలనిండా బురదతో నిలబడ్డ హెస్టర్ని చూశాడు. ఎర్రటి మెడ ఇంకా ఎర్రబడింది.

"వస్తూ వస్తూ వెయ్యలేదా ఆ గేటు?" అంది మిస్ ఆంబ్లర్. బళ్ళో అడిగినట్టే అడిగింది.

"లేదండీ," అన్నాడు జొసాయా. "చూశాను. తెరిచే ఉంది. వెనకవాళ్ళు వేస్తార్లే అనుకున్నాను. వెనక ఎవరున్నారో తల తిప్పి చూడలేదు." టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "పుస్తకం ఇక్కడికే తెండి. ముందు నా జరిమానా రాయండి. పైరు తొక్కించినందుకు వేరే, గేటు వెయ్యనందుకు వేరే. రెండూ రాయండి, క్రౌల్ గారూ, కలంలో సిరా ఉందిగా."

క్రౌల్ రాశాడు. పన్నెండుమందీ టోపీలు తీశారు. ఏమస్ లేవబోతే హెస్టర్ చెయ్యి ఆసరా ఇచ్చింది. ఆయన కర్ర అందించాడు గానీ వెంటనే వదల్లేదు. ఇద్దరూ కాసేపు రెండు వైపులా పట్టుకున్నారు. "బకెట్టా?" అన్నాడు చెవిలో. "బకెట్టే, నాన్నా." అప్పుడు వదిలాడు.

ప్రమాణం నాలుగు మాటలే. ఎవరిదని చూడకుండా పట్టాలి. పట్టినదాన్ని పస్తు పెట్టకూడదు. కోర్టు చెప్పకుండా వదలకూడదు. భయానికో స్నేహానికో గేటు తియ్యకూడదు. హెస్టర్ ప్రతి మాటా వీధి చివరిదాకా వినబడేలా చెప్పింది. "ఆమెన్" అనేలోపే పిల్లలు మళ్ళీ కేకలు అందుకున్నారు. మిస్ ఆంబ్లర్ ముక్కు గట్టిగా చీదుకుంది.

"సరే, హెస్టర్," అన్నాడు జొసాయా, టోపీ పెట్టుకుంటూ. "అంతా అయిపోయింది. ఇంక నా పియొనీని ఇచ్చెయ్, ఇంటికి తోలుకుపోతాను."

హెస్టర్ గేటుకి అడ్డంగా నిలబడే ఉంది.

"జరిమానా రాశారు, మిస్టర్ కట్స్. ఇంకా కట్టలేదు."

జొసాయా జేబులు తడుముకున్నాడు. కోర్టుకి ఎవరూ డబ్బు తెచ్చుకోరు. తరవాత ఆయనే అందరికంటే ముందు, పొద్దుటికంటే పెద్దగా నవ్వాడు. "సరైనదాని చేతికే ఇచ్చార్రా కర్ర! పదండి, పై చల్లారిపోతుంది. భోంచేసి ఇంటికెళ్ళి తెస్తాను."

"నిదానంగా తినండి," అంది హెస్టర్. "ఈలోగా దీనికీ ఏదైనా పెట్టాలి."

జనం పబ్బు వైపు కదిలారు. ఎవరో పోయిన బూటు వెతుకుతామని పడమటి పొలం వైపు పరిగెత్తారు. పియొనీ మెత్తగా గుర్రుమని రాతిగోడకి వీపు రాసుకుంది. హెస్టర్ కర్రని గట్టిగా పట్టుకుంది. రెండో చేత్తో ఆ బకెట్ ఎత్తుకుని, పియొనీకి నీళ్ళు తేవడానికి బయల్దేరింది.